పదిహేనేళ్ళ వయసులో అమ్మ దగ్గరికి: టొరంటో చేరిన ఫిలిప్పీన్స్ పిల్లలు

(టొరంటోలో హైస్కూల్ టీచరుగా పనిచేస్తున్న మన ప్రాంతపు ఆవిడ ఈ మధ్య సెలవులకి వచ్చినప్పుడు కోనసీమలో ఒక గ్రంథాలయంలో మాట్లాడారు. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యి ఊపండి, గట్టిగా మాట్లాడతాను.

కెనడా గురించి ఏదైనా చెప్పమని పిలిచారు నన్ను. మంచు, నయాగరా, జీతాలు, ఇవన్నీ మీ ఫోన్లలోనే బోలెడు దొరుకుతాయి. అందుకని నేను మా బడికి వచ్చే పిల్లల గురించి చెబుతాను. అందులోనూ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చే పిల్లల గురించి. పధ్నాలుగేళ్ళకో పదిహేనేళ్ళకో పదహారేళ్ళకో వస్తారు. మీసాలు అప్పుడే మొలుస్తుంటాయి, గొంతు మారుతుంటుంది, ఆ వయసులో దేశం కూడా మారుతుంది.

ఫిలిప్పీన్స్ పిల్లల సంగతి మనకెందుకమ్మా అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఫిలిప్పీన్స్ అనగానే మనవాళ్ళకి ఎంబీబీఎస్ గుర్తొస్తుంది. దవావోలో, మనీలాలో మన తెలుగు పిల్లలు బోలెడుమంది డాక్టరు చదువులు చదువుతున్నారు, ఈ సభలో కూడా వాళ్ళ అమ్మానాన్నలు ఉండే ఉంటారు. కానీ ఆ దేశంతో మన ఊళ్ళకి ఇంకో చుట్టరికం ఉంది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళొచ్చిన మన ఆడవాళ్ళని అడగండి. పక్కింట్లో పనిచేసేది ఎవరు? కింది అంతస్తులో పిల్లల్ని చూసుకునేది ఎవరు? చాలాసార్లు ఫిలిప్పీన్స్ ఆవిడే. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, వచ్చీరాని అరబ్బీలో మాట్లాడుకుంటారు. ఇద్దరి పిల్లలూ ఊళ్ళో అమ్మమ్మల దగ్గరే ఉంటారు. ఇవాళ ముందు వరసలో కూర్చున్న అమ్మమ్మల్లో కొంతమందికి నేను చెప్పేది కొత్తగా అనిపించకపోవచ్చు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. కొత్త దేశానికి వచ్చిన పిల్లవాడికి కష్టం ఎక్కడుంటుంది అని అడిగితే అందరూ భాష అంటారు, చలి అంటారు, తిండి అంటారు. అవీ ఉన్నాయి, చెబుతాను. కానీ నేను చూసిన పిల్లల్లో చాలామందికి అన్నిటికంటే కష్టమైంది వాళ్ళ అమ్మతో ఒకే ఇంట్లో ఉండటం. అవును, కన్నతల్లితోనే. ఎందుకంటే ఆ పిల్ల ఐదేళ్ళప్పుడో ఆరేళ్ళప్పుడో అమ్మ వెళ్ళిపోయింది. మళ్ళీ కలిసి బతకడం మొదలైంది పదిహేనేళ్ళప్పుడు.

అమ్మ ఎందుకు వెళ్ళిందో ముందు చెప్పాలి. లేకపోతే తప్పంతా ఆవిడదే అనిపిస్తుంది.

ఫిలిప్పీన్స్‌లో మనుషుల్ని పనికి విదేశాలకి పంపడం ప్రభుత్వమే పనిగా పెట్టుకుంది. 1974లో, ఫెర్డినాండ్ మార్కోస్ పాలనలో, సైనిక శాసనం నడుస్తున్న రోజుల్లో, కొత్త కార్మిక చట్టం తెచ్చారు. దేశంలో ఉద్యోగాలు లేవు, చమురు ధరలు పెరిగాయి, గల్ఫ్‌లో కట్టడాలకి మనుషులు కావాలి. కొన్నాళ్ళు పంపుదాం అనుకున్నారు. ఆ కొన్నాళ్ళు ఇప్పటికి యాభై ఏళ్ళు దాటాయి. మొదట మగవాళ్ళు వెళ్ళారు, తర్వాత నర్సులు, ఆయాలు, ఇంటిపనివాళ్ళు, ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో వెళ్ళడం మొదలైంది. 1988లో అధ్యక్షురాలు కొరాజోన్ అకీనో హాంకాంగ్ వెళ్ళి అక్కడ ఇళ్ళల్లో పనిచేస్తున్న తమ దేశపు ఆడవాళ్ళతో మాట్లాడుతూ మీరు కొత్త వీరులు అన్నారు. 2023లో వాళ్ళంతా ఇంటికి పంపిన డబ్బు 3,300 కోట్ల డాలర్లు దాటింది. దేశాన్ని నిలబెడుతున్న డబ్బు అది. కానీ ఆ వీరురాలి పిల్లకి జ్వరమొస్తే తల మీద తడిగుడ్డ వేసేది ఎవరు? ఆ సంగతి ఏ లెక్కలోనూ లేదు.

మరి కెనడాయే ఎందుకు? హాంకాంగ్‌లో ఇరవై ఏళ్ళు చేసినా అక్కడి మనిషి కాలేరు. ఇంటిపనివాళ్ళకి శాశ్వత నివాసం ఇవ్వక్కర్లేదని అక్కడి పై కోర్టు 2013లో తేల్చేసింది. కువైట్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కెనడా మాత్రం ఒక మాట ఇచ్చింది. 1992లో ఒక పథకం పెట్టింది. పిల్లల్నో ముసలివాళ్ళనో చూసుకోవడానికి రండి, యజమాని ఇంట్లోనే ఉండండి, 24 నెలలు పని పూర్తి చెయ్యండి, తర్వాత శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోండి, అప్పుడు మీ పిల్లల్ని తెచ్చుకోవచ్చు అంది. ఆ పథకం కింద వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళే. టీచర్లు, నర్సులు, బ్యాంకులో చేసినవాళ్ళు కూడా ఉన్నారు. డిగ్రీ చేతిలో పెట్టుకుని వచ్చి ఇంకొకరి పిల్లల్ని ఎత్తుకున్నారు. పిల్లల్ని తెచ్చుకోవచ్చన్న ఆ ఒక్క మాట కోసం.

24 నెలలు అంటే రెండేళ్ళే కదా అనిపిస్తుంది. అది కాగితం మీద. మధ్యలో యజమాని మానేయమంటే ఇంకొకరు దొరికేదాకా లెక్క ఆగిపోయేది. రెండేళ్ళు అయ్యాక దరఖాస్తు, దాని మీద వైద్య పరీక్షలు, పోలీసు సర్టిఫికెట్లు, మళ్ళీ ఏళ్ళ తరబడి ఎదురుచూపు. పైగా చాలామంది కెనడాకి ముందే హాంకాంగ్‌లోనో సింగపూర్‌లోనో తైవాన్‌లోనో కొన్నేళ్ళు చేసి వస్తారు. అన్నీ కలిపి చూస్తే తల్లీబిడ్డల ఎడబాటు ఆరేళ్ళు, ఎనిమిదేళ్ళు, కొందరికి పదేళ్ళు కూడా దాటుతుంది.

ఈ మధ్యకాలమంతా అమ్మ అంటే ఏమిటి? ఫోను, డబ్బు, పెట్టె. పెట్టె అంటే బాలిక్‌బాయన్ పెట్టె. ఈ మాట ఫిలిప్పీన్స్‌లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇంత ఎత్తు అట్టపెట్టె, నడుం దాకా వస్తుంది. అందులో సబ్బులు, షాంపూలు, డబ్బా మాంసం, చాక్లెట్లు, తువ్వాళ్ళు, చెప్పులు, బూట్లు కూరి కూరి నింపి ఓడలో పంపుతారు. చేరడానికి నెలా రెండు నెలలు పడుతుంది. టొరంటోలో బాథర్స్ట్ వీధి, విల్సన్ ఎవెన్యూ కలిసే చోట వాళ్ళ దుకాణాలు వరసగా ఉంటాయి, చిట్టి మనీలా అంటారు ఆ చుట్టుపక్కలని. అక్కడే పెట్టె పంపుతారు, అక్కడే డబ్బు పంపుతారు, అక్కడే ఎండుచేపలు కొనుక్కుంటారు. ఆదివారం ఆ వీధిలో నడిస్తే కొట్టు ముందు నిలబడి ఎవరో ఒకావిడ కాగితం మీద గీసిన పాదం గీత పట్టుకుని బూటు కొలుస్తూ కనిపిస్తుంది. పిల్లవాడి పాదం కాగితం మీద పెట్టించి గీయించి, ఫోటో తీసి పంపమంటారు. ఎందుకంటే పెట్టె చేరేలోపు పాదం పెరుగుతుంది. ఒక వేలు జాగా ఎక్కువ చూసుకుని కొంటారు. ఇంత ప్రేమ ఉంది అందులో, ఇంత ప్రేమ ఉన్నా పిల్లవాడికి అందేది బూటే. ఆ బూటు కొన్నావిడ ఎంతసేపు నిలబడి కొలిచిందో వాడికి తెలియదు.

సరే, వీసా వచ్చింది. ఇప్పుడు పిల్ల సంగతి చూద్దాం.

మనం అనుకుంటాం, అమ్మ దగ్గరికి వెళ్తున్నారు, ఎగిరి గంతేస్తారు అని. కొందరు గంతేస్తారు. కానీ ఆ పిల్లని పెంచింది ఎవరు? లోలా, అంటే అమ్మమ్మో నాయనమ్మో. పక్కలో పడుకోబెట్టుకున్నది ఆవిడ, బడికి అన్నం కట్టిచ్చింది ఆవిడ, పెద్దమనిషైనప్పుడు పక్కనున్నది ఆవిడ. కెనడా రమ్మంటే ఆవిణ్ణి వదిలి రావాలి. అంటే ఆ పిల్ల తల్లి లాంటి మనిషిని రెండోసారి పోగొట్టుకుంటోంది. ఆ మాట ఎవరూ అనరు. అందరూ అదృష్టవంతురాలివి అంటారు. ఊరంతా అదృష్టం అంటున్నప్పుడు ఏడవడానికి కూడా ఆ పిల్లకి వీలుండదు, గమనించారా?

మా బడిలో ఒక అమ్మాయి చెప్పింది, విమానాశ్రయంలో వాళ్ళమ్మని గుర్తుపట్టింది కానీ ఎలా పలకరించాలో తెలియలేదట. వీడియో కాల్‌లో రోజూ చూసే ముఖమే. కానీ మనిషి ఎత్తు తెలియదు, వాసన తెలియదు. ఫిలిప్పీన్స్‌లో పెద్దవాళ్ళు కనిపిస్తే వాళ్ళ చెయ్యి అందుకుని నుదుటికి తాకించుకుంటారు, మనం పాదాలకి దణ్ణం పెట్టినట్టు. ఆ అమ్మాయి వాళ్ళమ్మకి అలా చేసిందట. ఊరి నుంచి వచ్చిన ఏ దూరపు చుట్టానికో చేసినట్టు మర్యాదగా చేసిందట. ఆ తల్లి మాత్రం పిల్ల పరుగెత్తుకొచ్చి మెడ పట్టుకుంటుందని ఎన్నేళ్ళ నుంచో అనుకుంటూ ఉంది.

ఇంటికి వెళ్ళాక ఇంకో సంగతి. ఊళ్ళో ఉన్నది అమ్మ పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు. పెద్ద గదులు, టైల్సు, గేటు. కెనడా ఇల్లు ఇంకెంత గొప్పగా ఉంటుందో అనుకుని వస్తారు. ఇక్కడ చూస్తే పాత అపార్టుమెంటులో ఒక పడకగది, లేదా ఎవరి ఇంటి కిందో నేలమాళిగ. అమ్మ పొద్దున ఆరుకి వెళ్తే రాత్రి ఎనిమిదికి వస్తుంది, శని ఆదివారాలు ఇంకో పని. పిల్లల విమానం టిక్కెట్లకి చేసిన అప్పు ఉంటుంది మరి. ఇన్నేళ్ళు దూరంగా ఉండి ఇప్పుడు ఒకే కప్పు కిందికి వచ్చారు, అయినా కలిసి అన్నం తినే పూట వారానికి ఒకటో రెండో.

ఆ అమ్మకి పిల్ల ఇంకా ఆరేళ్ళదే. ఆవిడ వదిలి వచ్చినప్పటి పిల్లే. ఎనిమిదింటికి పడుకో అంటుంది, ఫోను ఇవ్వు అంటుంది, ఎక్కడికెళ్ళావు అంటుంది. ఆ పిల్లకేమో, ఇన్నేళ్ళూ అడగని మనిషి ఇప్పుడు అడుగుతోంది ఏమిటి అని కోపం. నువ్వెవరు నాకు చెప్పడానికి అని ఒక మాట అనేస్తుంది. ఆ మాట ఆ తల్లి జీవితాంతం మర్చిపోదు. నేను తల్లులతోనూ మాట్లాడతాను, పిల్లలతోనూ మాట్లాడతాను, ఇద్దరూ నాకు చెప్పేది ఇంచుమించు ఒకే మాట: నేనేమిటో ఆవిడకి తెలియదు, నేనేమిటో దానికి తెలియదు. ఇంకో అమ్మాయి అంది, మా అమ్మకి తను పెంచిన కెనడా బాబుకి ఏ కూర ఇష్టమో తెలుసు టీచర్, నేను వంకాయ తిననని తెలియదు అంది. ఆ బాబు ఫోటో వాళ్ళింట్లో ఫ్రిజ్ మీద ఉంది. తల్లిని ఏమంటాం? ఆ బాబుని కూడా ఆవిడ ప్రేమగానే పెంచింది. అమ్మాయిని ఏమంటాం? దాని బాధ నిజమే కదా.

నాన్నల సంగతి క్లుప్తంగా చెబుతాను. కొందరు వస్తారు, కొందరు ఈలోపే వేరే సంసారం పెట్టుకుంటారు. వచ్చినవాళ్ళకి భార్య సంపాదన మీద ఆధారపడటం కష్టంగా ఉంటుంది. ఆ ఇంట్లో వేడి పిల్లలకి తగులుతుంది.

ఇక బడి. ఇది నా రంగం కాబట్టి కాసేపు ఓపిక పట్టండి.

ఫిలిప్పీన్స్‌లో మొన్నమొన్నటి దాకా బడి చదువు పదేళ్ళే. ఆరు ప్రాథమిక, నాలుగు హైస్కూలు. పదహారేళ్ళకి హైస్కూల్ పూర్తయిపోయి కాలేజీలో చేరేవాళ్ళు. 2013లో చట్టం చేసి పన్నెండేళ్ళ చదువు పెట్టారు, పదకొండో తరగతి నిజంగా మొదలైంది 2016లో. దాంతో అంతకుముందు వచ్చిన పిల్లలకి ఏమైందంటే, అక్కడ గౌను వేసుకుని, పట్టా పుచ్చుకుని, ఊరంతా భోజనాలు పెట్టి వచ్చిన పిల్లవాణ్ణి కెనడాలో మళ్ళీ తొమ్మిదిలోనో పదిలోనో కూర్చోబెట్టారు. కాలేజీ కుర్రాణ్ణి అనుకున్నవాడు తనకంటే రెండేళ్ళు చిన్నవాళ్ళ మధ్య కూర్చోవాలి. టొరంటో ఉన్న ఆంటారియో రాష్ట్రంలో హైస్కూల్ పట్టా రావాలంటే సబ్జెక్టులు పూర్తి చేస్తే వచ్చే క్రెడిట్లు 30 కావాలి, 40 గంటలు సమాజ సేవ చెయ్యాలి, ఇంగ్లీషు చదవడం రాయడం వచ్చని ఒక పరీక్ష పాసవ్వాలి. పదహారేళ్ళవాడికి ఇది లెక్కేసి చూపిస్తే వాడి ముఖంలో రంగు పోతుంది. కొందరు సగంలో మానేసి బర్గర్ల కొట్టులో చేరిపోతారు. అమ్మకి అద్దె కట్టడంలో సాయం అవుతుంది కదా అంటారు. తల్లి డిగ్రీ చదివిన మనిషి, కొడుకు హైస్కూలు దాటలేదు. కెనడాలో ఫిలిప్పీన్స్ కుటుంబాల మీద పరిశోధన చేసినవాళ్ళు కూడా ఇదే చూశారు, పిల్లల తరంలో యూనివర్సిటీ చదువులు తల్లిదండ్రుల తరం కంటే తగ్గాయి. ఎవరి చదువు కోసం ఆ తల్లి ఇన్నేళ్ళు దూరంగా ఉందో చూడండి.

ఇంగ్లీషు విషయం ఇంకోటి. ఫిలిప్పీన్స్‌లో ఇంగ్లీషు అధికార భాష. లెక్కలు, సైన్సు ఇంగ్లీషులోనే చదువుతారు. ఆ పిల్లలకి ఇంగ్లీషు వచ్చు. వాళ్ళ యాస వేరు, అంతే. ఇక్కడికి రాగానే ఒక పరీక్ష పెట్టి, ఇంగ్లీషు రానివాళ్ళ తరగతిలో వేస్తారు. ఊళ్ళో ఇంగ్లీషులో ఫస్టొచ్చిన పిల్ల ఇక్కడ నోరు తెరిస్తే వెనక నుంచి నవ్వు వినిపిస్తుంది. అంతే, నోరు మూసేస్తుంది. నెలల తరబడి మూసేస్తుంది. మన తెలుగు మీడియం పిల్లలు హైదరాబాదు కాలేజీల్లో ఎలా అయిపోతారో మీరు చూశారు కదా.

మాట్లాడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. వాళ్ళు అవును అనడానికి కనుబొమ్మలు పైకి ఎత్తుతారు. అంతే, నోటితో అనక్కర్లేదు. దేన్నైనా చూపించాలంటే పెదాలు అటువైపు సాగదీస్తారు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే తల దించుకుంటారు, కళ్ళలోకి చూడటం అమర్యాద. ఇప్పుడు కెనడా టీచరు అడుగుతుంది, హోంవర్కు చేశావా? వాడు కనుబొమ్మలు ఎత్తాడు. చేశాను అని చెప్పాడు వాడు. టీచరుకి మాత్రం జవాబు రాలేదు. మళ్ళీ అడిగింది, వాడు తల దించాడు. అబద్ధం చెబుతున్నాడు కాబోలు, కళ్ళలోకి చూడట్లేదు అనుకుంది. ఇంటికి ఫోను వెళ్ళింది. అమ్మ పనిలో ఉంది. ఇలా పెరుగుతుంది గొడవ. మన తల ఊపు కూడా అక్కడ ఎవరికీ అర్థం కాదు, అందుకే నాకు ఆ పిల్లవాడి ముఖం చదవడం తేలికైంది.

ఇంకో సంగతి, వీళ్ళందరూ మనీలా వైపు భాష తగలోగ్ మాట్లాడతారనుకుంటారు బడివాళ్ళు. ఉత్తరాదివాళ్ళది ఇలోకానో, సెబూ, దవావోవాళ్ళది సెబువానో. వాళ్ళకి తగలోగ్ బడిలో నేర్చుకున్న భాష. సెబూ నుంచి వచ్చిన పిల్లని మనీలా పిల్లల పక్కన కూర్చోబెట్టి, ఇక నీకు భయం లేదు అంటే అక్కడ కూడా ఆ పిల్ల యాసే నవ్వులాట. బెంగాలీ కుర్రవాడికి తోడుగా తెలుగు కుర్రవాణ్ణి కూర్చోబెట్టి ఇద్దరూ ఇండియావాళ్ళే కదా అన్నట్టు ఉంటుంది.

చలి గురించి చెప్పలేదేం అనుకుంటున్నారా? చలి నిజమే. జనవరిలో టొరంటోలో సున్నాకి కిందే ఉంటుంది, మనీలాలో పుట్టినవాడికి ఇరవై డిగ్రీలకే దుప్పటి కావాలి. కానీ చలికి కోటు ఉంది. రెండో శీతాకాలానికి పిల్లలు మర్చిపోతారు. వాళ్ళు మర్చిపోలేనిది క్రిస్మస్. మీలో చర్చికి వెళ్ళేవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. ఫిలిప్పీన్స్‌లో సెప్టెంబరు నుంచే క్రిస్మస్ పాటలు మొదలు. డిసెంబర్ 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లవారుజామున చీకట్లో లేచి చర్చికి వెళ్తారు, బయటికి వచ్చాక వేడి వేడి బియ్యప్పిండి రొట్టెలు తింటారు. వీధి వీధికీ నక్షత్రం దీపాలు. టొరంటోలో ఆ రోజుల్లో సాయంత్రం ఐదింటికే చీకటి, అందరి తలుపులూ మూసి ఉంటాయి, అమ్మకి ఆ సెలవుల్లో ఎక్కువ జీతం కాబట్టి పనికి వెళ్తుంది. మా పిల్లలు ఎక్కువగా బెంగపడేది డిసెంబరులోనే. 2018లో టొరంటోలోని స్కార్‌బరోలో వాళ్ళ దేశపు జాలీబీ హోటల్ తెరిచినప్పుడు జనం చలిలో బారులు తీరి నిలబడ్డారు. కోడి వేపుడు కోసం ఇంత అవసరమా అన్నవాళ్ళు ఉన్నారు. అది కోడి వేపుడు కోసం కాదు, పుట్టినరోజు నాడు ఊళ్ళో లోలా తీసుకెళ్ళిన హోటల్ అది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్తాను. ఈ పిల్లలు మొదటివాళ్ళు కాదు. 1929లో లారీ ఇట్లియాంగ్ అనే కుర్రాడు ఫిలిప్పీన్స్‌లోని పంగసినాన్ నుంచి అమెరికా వెళ్ళాడు. వయసు పదిహేను. అప్పట్లో ఫిలిప్పీన్స్ అమెరికా చేతిలో ఉంది కాబట్టి వెళ్ళనిచ్చేవాళ్ళు, కానీ పౌరులుగా చూసేవాళ్ళు కాదు. లాయరు అవ్వాలని వెళ్ళాడు. పొలాల్లో కూలీ అయ్యాడు. అలాస్కాలో చేపల ఫ్యాక్టరీలో మూడు వేళ్ళు పోయాయి. 1965 సెప్టెంబర్ 8న కాలిఫోర్నియాలో డెలానో అనే ఊళ్ళో ద్రాక్షతోటల కూలీల సమ్మె మొదలుపెట్టింది అతని నాయకత్వంలోని ఫిలిప్పీన్స్ కూలీలే, తర్వాత సీజర్ చావెజ్ మెక్సికన్ కూలీలతో వచ్చి కలిశాడు. ఐదేళ్ళు నడిచింది ఆ సమ్మె, గెలిచారు. ఇది నేను మా పిల్లలకి తప్పకుండా చెబుతాను. పదిహేనేళ్ళకి ఒంటరిగా వచ్చినవాడు ఏం చేశాడో వాళ్ళ పాఠ్యపుస్తకాల్లో ఉండదు.

ఇంకొకరు జోస్ ఆంటోనియో వార్గాస్. 1993లో పన్నెండేళ్ళప్పుడు వాళ్ళమ్మ విమానం ఎక్కించి కాలిఫోర్నియాలో తాతా అమ్మమ్మల దగ్గరికి పంపింది. పదహారేళ్ళప్పుడు డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్తే, నీ గ్రీన్ కార్డు దొంగది అని కౌంటరు దగ్గరి మనిషి చెప్పింది. అప్పటిదాకా అతనికి తెలియదు. పెద్దయ్యాక పేరున్న విలేఖరి అయ్యాడు, పులిట్జర్ అనే పెద్ద పత్రికా బహుమతి అందుకున్న బృందంలో ఉన్నాడు, 2011లో తనకు కాగితాలు లేవని తనే బయటపెట్టాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా తల్లిని చూడలేదు. అక్కడ అమ్మ ఉండిపోయి కొడుకు వెళ్ళాడు, మా పిల్లల కథ తిరగేసినట్టు. కానీ రెండు చోట్లా మధ్యలో నిలబడింది కాగితమే.

ఈ కాగితం మాట నేను ఎందుకు పట్టుకున్నానంటే, ఎడబాటు అనేది తలరాత అని ఆ తల్లులు అంటుంటారు. నేను ఒప్పుకోను. ఇది మనుషులు రాసిన నియమం. ఆయా పనికి వచ్చేటప్పుడు పిల్లల్ని తెచ్చుకోకూడదని ఒక ఆఫీసులో కూర్చుని ఎవరో రాశారు. అదే దేశం కంప్యూటర్ ఇంజనీరుని భార్యాపిల్లలతో సహా రానిస్తుంది. మన తెలుగువాళ్ళు కెనడాలో చాలామంది అలాగే దిగారు, నేనూ అలాగే దిగాను. ఇంజనీరు పిల్లలకి తండ్రి కావాలి, ఆయా పిల్లలకి తల్లి అక్కర్లేదా? ఆ తల్లులు, వాళ్ళ సంఘాలు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. 2014లో యజమాని ఇంట్లోనే ఉండాలన్న షరతు తీసేశారు. 2019లో కొత్త పథకం పెట్టి, భర్తనీ పిల్లల్నీ వెంట తెచ్చుకునే వీలు ఇచ్చారు. నియమం మార్చవచ్చని తేలింది కదా. అయితే అంతకుముందు విడిపోయినవాళ్ళ బాల్యం ఏ పథకం తిరిగిస్తుంది?

ఇంకోటి కూడా జరిగింది. ఎంత వయసు దాకా పిల్లలుగా లెక్క అన్నది. 2014 ఆగస్టు దాకా 22 ఏళ్ళ లోపు అనేవాళ్ళు, అప్పుడు 19 లోపు అని తగ్గించారు, 2017 అక్టోబరులో మళ్ళీ 22 చేశారు. ఆ మూడేళ్ళలో దరఖాస్తు పెట్టిన ఇళ్ళల్లో చూడండి, చిన్నవాళ్ళకి వీసా వచ్చింది, పెద్దవాడు ఊళ్ళో ఉండిపోయాడు. తమ్ముళ్ళని ఇన్నేళ్ళూ పెంచింది ఆ పెద్దవాడే. అమెరికాలో మన తెలుగు పిల్లలకి 21 నిండగానే తల్లిదండ్రుల వీసా నీడ పోతుందే, ఆ టెన్షన్ తెలిసిన ఇళ్ళు ఈ ఊళ్ళోనూ ఉన్నాయి. కాబట్టి ఎక్కువ చెప్పను.

మరి ఏం చేస్తే బాగుంటుంది? నేను చూసినంతలో బాగుపడిన ఇళ్ళల్లో ఒకటి గమనించాను. ఆ తల్లి పిల్లని నీకోసం ఇంత చేశాను అనడం ఆపేసింది. అది నిజమే అయినా ఆపేసింది. ఆ మాట వింటే పిల్లకి అప్పు ఉన్నట్టే ఉంటుంది, అమ్మ ఉన్నట్టు ఉండదు. దాని బదులు ఒక తల్లి ఏం చేసిందంటే, తను హాంకాంగ్‌లో ఉన్నప్పుడు ఏ గదిలో పడుకుందో, ఏ రోజు ఏడ్చిందో, కూతురి పుట్టినరోజు నాడు ఏం చేసిందో, రాత్రి గిన్నెలు కడుగుతూ కొంచెం కొంచెం చెప్పింది. కూతురు కూడా చెప్పడం మొదలుపెట్టింది, బడి వార్షికోత్సవంలో అందరి అమ్మలూ వచ్చారు, నువ్వు రాలేదు అని. తల్లి అడ్డం చెప్పకుండా వింది. దానికి రెండేళ్ళు పట్టింది. తొందరపడితే అయ్యే పని కాదు.

ఇంకోటి, లోలాతో ఫోను ఆపకూడదు. కొందరు తల్లులు అసూయతో ఆపేస్తారు, ఇప్పుడు నేనున్నాను కదా అని. అది పొరపాటు. అమ్మమ్మతో మాట్లాడనిచ్చిన ఇళ్ళల్లో పిల్లలు అమ్మకి త్వరగా దగ్గరయ్యారు, నేను చాలా ఇళ్ళల్లో చూశాను.

ఇక్కడున్నవాళ్ళకి ఒక మాట. కువైట్‌లో మన పిల్లలు వెళ్ళి ఉండటం ఎలాగూ కుదరదు, అమ్మే తిరిగొస్తుంది. తేడా అంతే. పదేళ్ళ తర్వాత అమ్మ ఇంటికొచ్చి, పదో తరగతి పిల్లవాడి మీద అజమాయిషీ మొదలుపెడుతుంది, వాడు అమ్మమ్మ వెనక దాక్కుంటాడు. ఆ గొడవలో ఊరంతా పిల్లవాణ్ణి తిడుతుంది, అమ్మ కష్టం తెలియని వెధవ అని. దయచేసి అనకండి. వాడికి ఆవిడ కష్టం తెలుసు. వాడికి ఆవిడే తెలియదు. ఆ వచ్చిన మొదటి ఆర్నెల్లు అమ్మమ్మ ఇంట్లోనే ఉండాలి, వెంటనే పెద్దకొడుకు దగ్గరికి పంపెయ్యకండి. టీచర్లు ఎవరైనా ఉంటే మీ తరగతిలో ఏ పిల్లవాడి అమ్మ గల్ఫ్‌లో ఉందో, ఎప్పుడు వస్తోందో తెలుసుకోండి. వచ్చిన నెలలో వాడి మార్కులు పడితే వెంటనే కేకలెయ్యకండి.

విదేశానికి పిల్లల్ని పంపేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఏ దేశమైనా సరే, మార్కుల జాబితా ఒక్కటే కాకుండా ఏ క్లాసులో ఏం పాఠాలు చెప్పారో ఆ సిలబస్ కూడా బడి ముద్రతో తీసుకెళ్ళండి. టీకాల కార్డు తీసుకెళ్ళండి. ఈ రెండూ లేక మా దగ్గర పిల్లలు ఒక ఏడాది వెనక్కి పోవడం, వారాల తరబడి బడి బయట కూర్చోవడం చూశాను. హెడ్మాస్టరు గారూ, మీ బడిలో అడిగినవాళ్ళకి ఆ సిలబస్ కాగితం ఇప్పించే ఏర్పాటు చెయ్యగలిగితే ఎంతో మేలు.

నేను ఆపుతాను. ఆ మూల కూర్చున్న అమ్మగారు ఇందాకటి నుంచి ఏదో అడగాలని చూస్తున్నారు, మైకు ఆవిడకివ్వండి.